రోశమ్మకు విగ్రహం పెడదామా, రాత్రి బడి తెరుద్దామా?

వింజమూరు కోడలు:
మార్చి 8 కోసం మా ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసి డబ్బు పోగు చేస్తున్నాయి. మన నెల్లూరు జిల్లాలో సారా మీద ఆడవాళ్ల పోరాటాన్ని ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ విగ్రహం సెంటర్లో పెట్టాలని ఎక్కువమంది మాట. వద్దన్నది నేనొక్కదాన్నే. ఆమె మీద గౌరవం లేదా అని అందరూ నా మీదికి లేచారు.

గౌరవం ఉండబట్టే వద్దంటున్నాను. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించడానికి ఏ పార్టీ మీటింగూ కారణం కాదు. పగలంతా కూలికి పోయి, రాత్రి పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం బడిలో లాంతరు ముందు కూర్చుని, వాచకంలో సారా మీద ఉన్న సీతమ్మ కథ చదివారు. అందులో వాళ్ల కాపురాలే కనిపించాయి. అక్కడ మొదలైంది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకోవడంతోనే మన జిల్లాలో ఈ పొదుపు నిలబడింది. 1997లో మద్యం మళ్లీ వచ్చేసింది. ఇప్పుడు మా వీధి చివర బెల్టు షాపుంది.

మా చిన్నత్త ఇరవై ఏళ్లుగా సంఘంలో ఉంది. సంతకం ముత్యాల్లా పెడుతుంది. పోయిన నెల లోను కాగితాల మీద ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ పెట్టింది. ఇంటికొచ్చి చెంగులోంచి పాస్‌బుక్ తీసి, "ఎంత రాసుండారు పాపా, చూడు" అని నా చేతికిచ్చింది. అత్త లాంటివాళ్లు మా సంఘంలోనే పదిమందికి పైగా ఉన్నారు. ఆ డబ్బుతో వాళ్లకు రాత్రి బడి తెరవాలంటాను.

పెన్నా ఒడ్డు:
అమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా విగ్రహం పెట్టాల్సిందే. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని రోశమ్మ ఎవరని అడిగితే తెల్లమొహం వేసింది. ఆమె పోయింది 2016లోనే గదా! ఆడపిల్లల చదువు కోసం పొణకా కనకమ్మ గారు 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఆ గేటు ముందు రోజూ వేలమంది పోతుంటారు, ఆమె పేరు చెప్పగలిగేవాళ్లు ఎందరు? నాయకుల విగ్రహాలు సెంటరుకు రెండున్నాయి. కూలి చేసుకుని బతికే ఆడమనిషి బొమ్మ ఒక్కటి ఉంటే, పిల్లలు ఎవరని అడుగుతారు. అడిగితేనే గదా చెప్పేది.

ఒంగోలు ఆడపడుచు:
చదువొస్తే సరిపోతుందా అని నా సందేహం. నేను డిగ్రీ చదివాను. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కని మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఇవన్నీ తెలిసే, నాన్న పోయాక నా వాటా వదులుకుంటూ హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాను. "పసుపు కుంకుమ కింద ఇచ్చాం గదమ్మా" అన్నాడు అన్న. మా అమ్మ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది. ప్రతి అక్షరం చదివాను. వద్దనడానికి నోరు రాలేదు. పక్కన ఒక్క ఆడమనిషి నిలబడి ఉంటే పెట్టేదాన్ని కాదేమో.

వింజమూరు కోడలు:
అక్కా, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. దూబగుంటలోనూ ఆడవాళ్లు ఒంటరిగా చదవలేదు, బడి నుంచి గుంపుగా లేచి పోయారు. ఆ సంగతి నేను సరిగా పట్టించుకోలేదు. కాబట్టి బడిలో పాస్‌బుక్కు, లోను కాగితం, దస్తావేజు అందరూ కలిసి చదవాలి. రిజిస్ట్రారు ఆఫీసుకు పోయేటప్పుడు తోడుగా ఇద్దరు వెళ్లాలి.

పెన్నా ఒడ్డు గారూ, పేరు గురించి మీ మాట ఒప్పుకుంటాను. బడికి రోశమ్మ పేరే పెడదాం, గోడ మీద ఆమె బొమ్మ గీయిద్దాం. విగ్రహం సంగతి వచ్చే ఏడు మళ్లీ అడగండి. ఆదివారం సంఘం మీటింగులో ఇదే చెబుతాను. అక్షరదీపం నాటి పాత వాచకం ఎవరింట్లో అటక మీదైనా ఉంటే చెప్పండి, వచ్చి జెరాక్సు తీయించుకుంటాను.