అప్‌డేట్: పిల్లల మూత్రంలో పిరిడినోలిన్ విలువలు నిలకడగా రాకపోవడం, కారణం దొరికింది

ఆరోగ్యవంతులైన పిల్లల మూత్రంలో పిరిడినోలిన్, డీఆక్సీపిరిడినోలిన్‌లను (ఎముక కరిగేటప్పుడు దాని కొలాజెన్ నుంచి విడుదలై మూత్రంలోకి వచ్చే పదార్థాలు, అంటే ఎముక కరుగుదలకు మార్కర్లు) హెచ్‌పీఎల్‌సీతో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) కొలుస్తుంటే, ఒకే నమూనాను రెండు గొట్టాల్లో పెట్టినా 30 శాతం దాకా తేడా వస్తోందని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తేల్చింది మాత్రం "హైడ్రాలిసిస్‌కు ముందు, తర్వాత గొట్టాలు తూచండి" అన్న మాట. మూత్రం, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమానంగా కలిపి 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచి రసాయన బంధాలు విడగొట్టేటప్పుడు (ఇదే హైడ్రాలిసిస్) కొన్ని మూతల్లోంచి ఆవిరి పోతోంది. మిగిలిన ద్రవం చిక్కబడి విలువ ఎక్కువగా కనిపిస్తోంది. ఆ గొట్టాల మెడ దగ్గర సన్నటి గోధుమరంగు వలయం ఉంది, లోపలి టెఫ్లాన్ బిళ్ల గట్టిపడింది. ఇంటర్నల్ స్టాండర్డ్‌ను (కొలతలో తేడాలు సరిదిద్దడానికి తెలిసిన మోతాదులో కలిపే పదార్థం) హైడ్రాలిసిస్ అయ్యాకే కలుపుతాం కాబట్టి అది ఈ తప్పును పట్టుకోలేదు. బిళ్లలు మార్చాం; బరువు 1 శాతం మించి తగ్గిన గొట్టాన్ని పక్కన పెడుతున్నాం.

ఆ తర్వాతా ఒకే బిడ్డలో రోజుకో విలువ రావడానికి కారణం సేకరణ వేళ. ఈ మార్కర్లు రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఇప్పుడు ఉదయం రెండోసారి పోసిన మూత్రమే తీసుకుంటున్నాం.

జెలటిన్ తిండికీ దీనికీ సంబంధం లేదు, అది హైడ్రాక్సీప్రోలిన్ (కొలాజెన్‌లోని ఒక అమైనో ఆమ్లం, జెలటిన్‌లోనూ ఉంటుంది) కొలిచేవారి సమస్య. ఫ్రీజ్ చేసి కరిగించడమూ కారణం కాదు, అయితే అడుగున చేరిన మడ్డిని వెచ్చబెట్టి బాగా కలపాలి. మూత్రం పలచగా ఉందా చిక్కగా ఉందా అన్న తేడాను సరిదిద్దడానికి వాడే క్రియాటినిన్‌ను మాత్రం హైడ్రాలిసిస్ చేయని మూత్రంలోనే కొలవండి.