జూలో ఎక్కువైన దుప్పులను మా తోటకు ఇస్తారా?

నర్సంపేట_సార్:
సంక్రాంతి సెలవుల్లో పిల్లలను తీసుకొని జూకు వెళ్లాం. మా చిన్నది చుక్కల దుప్పుల ఎన్‌క్లోజర్ దగ్గర నుంచి కదలనంది. లోపల అందేంత ఎత్తులో ఒక్క కొమ్మకూ ఆకు లేదు, చెట్ల బెరడు కూడా గీకేశాయి. కీపర్‌ను అడిగితే "ఏటేటా పెరుగుతనే ఉంటయి సార్, ఎటన్న పంపాలె" అన్నాడు. నాకు నర్సంపేట దగ్గర ఆరెకరాల మామిడి తోట ఉంది. చుట్టూ చైన్‌లింక్ కంచె, బోరు, కాపలాకు ఇద్దరు మనుషులు. గడ్డికి కొదువ లేదు. జంతువులను దత్తత ఇస్తారని ఎక్కడో చదివాను. ఒక జత ఇస్తారా? ఇవ్వకపోతే పక్కనే పాకాల అడవి ఉంది కదా, ఒక డీసీఎంలో ఎక్కించి అక్కడ వదలడానికి అడ్డమేంటి?

హన్మకొండ_వకీల్:
సార్, తోట మాట మర్చిపోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని ఇంట్లోనో తోటలోనో పెంచుకుంటే కేసే. జూ వాళ్లు కూడా తమ ఇష్టానికి ఇవ్వలేరు. సెంట్రల్ జూ అథారిటీ ముందుగా అనుమతి ఇవ్వాలి, అదీ గుర్తింపు ఉన్న ఇంకో జూకు మాత్రమే. అడవిలో వదలాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉత్తర్వు కావాలి. దత్తత అంటే మేత ఖర్చు మీరు కట్టడం, జంతువు జూలోనే ఉంటుంది. హైదరాబాద్ నెహ్రూ జూలో ఈ పథకం ఉంది.

పాత_కీపర్_హంటర్‌రోడ్:
నేను జూలల్లోనే పనిచేసి రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం దుప్పులు, కణుజుల దగ్గరే. ఏ జూ, ఎవరు అన్నది ఇక్కడ వద్దు.

సార్, "ఒక డీసీఎంలో ఎక్కించి" అని ఒక్క ముక్కలో రాశారు. ఆ ఎక్కించడమే వారాల పని. ఒకచోట పైనుంచి ఒత్తిడి వచ్చింది, రెండు రోజుల్లో తరలించాలని. వలలు కట్టారు, కూలీలను పెట్టి తరిమించారు. పట్టుకున్నవి ఆ సాయంత్రం బాగానే ఉన్నాయి, మేత కూడా ముట్టాయి. మర్నాటి నుంచి వెనక కాళ్లు పట్టేశాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారింది, తర్వాత ఒక్కొక్కటే పడిపోయాయి. దీన్ని డాక్టర్లు క్యాప్చర్ మయోపతి అంటారు. భయంతో ఒళ్లు తెలియకుండా పరిగెత్తినప్పుడు కండరాలు లోపల దెబ్బతిని, ఆ చెడు పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను పాడు చేస్తుంది. ఒకసారి మొదలైతే మందు పనిచేయడం చాలా తక్కువ. రాకుండా చూసుకోవడమే మార్గం.

మరి మత్తు సూది వేయొచ్చు కదా అంటారు. 2011లో మధ్యప్రదేశ్‌లో కాన్హా అడవి నుంచి బాంధవ్‌గఢ్ అడవికి అడవిదున్నలను అట్లాగే తెచ్చారు. పెద్ద జంతువు, ఒక్కోదాని వెంట డాక్టర్ల బృందం, కాబట్టి నడిచింది. దుప్పుల గుంపులో ఒకదానికి సూది తగిలితే మిగతావన్నీ కంచెకేసి కొట్టుకుంటాయి. పైగా నెమరు వేసే జంతువు మత్తులో పక్కకు పడి ఉంటే కడుపు ఉబ్బుతుంది, మేత గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకటో రెండో అయితే సరే. నలభై యాభై అయితే ఎవరూ ఆ పని పెట్టుకోరు.

అందుకే బోమా. ఆఫ్రికా నుంచి వచ్చిన పద్ధతి. మధ్యప్రదేశ్‌లో పెంచ్ నుంచి సాత్పురాకు దుప్పులను, రాజస్థాన్‌లో భరత్‌పూర్ నుంచి ముకుందరా హిల్స్‌కు దుప్పులను ఇట్లాగే తీసుకెళ్లారు. మొదట వెడల్పుగా, పోను పోను ఇరుకయ్యే దారి కట్టి, రెండు పక్కలా ఆకుపచ్చ పరదాలు వేస్తారు. దుప్పికి అవతలిది కనిపించకపోతే అది గోడ అనుకుంటుంది, గుద్దుకోదు. చివర ర్యాంపు, దానికి ఆనించి బండి. జూలో మనకు ఒక సౌకర్యం ఉంది, తరమాల్సిన పనే లేదు. రోజూ మేత పెట్టే తొట్టిని కొంచెం కొంచెంగా లోపలికి జరుపుకుంటూ పోవాలి. మొదటి వారం మూతి దాకా వచ్చి ఆగుతాయి. పెద్ద ఆడది ఒకటి ధైర్యం చేసి లోపలికి వెళ్తే మిగతావి దాని వెనకే. అప్పుడు కూడా గేటు వేయొద్దు. తిని బయటికి రానివ్వాలి. లోపలే నిమ్మళంగా పడుకొని నెమరు వేస్తున్నాయంటే పని సగం అయినట్టు. ఈ సమయంలో ఒక్క మనిషి సెల్‌ఫోన్ పట్టుకొని వీడియో తీస్తానని ముందుకొచ్చినా పది రోజుల కష్టం పోతుంది. ఈ మాట ఎంతమంది ఆఫీసర్లకు చెప్పానో.

కొమ్ముల సంగతి ఇంకో తలనొప్పి. మన దుప్పి మగవి అన్నీ ఒకే కాలంలో కొమ్ములు రాల్చవు. ఒకదానికి గట్టి కొమ్ములుంటే పక్కదానికి మెత్తటి తోలుతో కొత్తవి పెరుగుతుంటాయి. గట్టి కొమ్ము మన గోరు లాంటిది, రంపంతో కోస్తే నొప్పి ఉండదు, బండిలో పక్కవాటి పొట్ట చీరకుండా ఉంటుంది. తోలు ఉన్నది కోస్తే రక్తం ధారగా పోతుంది. దాన్ని కొమ్ము ముదిరేదాకా ఆపుకోవాల్సిందే. పెద్ద మగవాటిని విడిగా ఎక్కించాలి. నిండు చూలువి, పాలు తాగే పిల్లల తల్లులు ఆ ట్రిప్పులో వద్దు. బండిలో వరిగడ్డి మందంగా పరచాలి, లోపల చీకటిగా ఉండాలి, గాలి మాత్రం ఆడాలి. చలికాలం తెల్లవారుజామున బయల్దేరి ఎండ ఎక్కకముందే చేరాలి.

జన్నారం_గైడ్:
అన్న చెప్పింది బండి దిగేదాకా. దిగాక కథ మా దగ్గర మొదలవుతుంది. మా కవ్వాల్ పులుల అడవికి మహారాష్ట్ర నుంచి పులులు వస్తాయి. అవి ఇక్కడ నిలవాలంటే దుప్పులు, కణుజులు బాగా ఉండాలి. అందుకని తేవడం మంచిదే. కానీ జూ దుప్పికి మనిషంటే మేత పెట్టేవాడే. తిన్నగా వదిలితే రోడ్డు పక్కకో, బేస్ క్యాంపు దగ్గరికో వచ్చి నిలబడుతుంది. చిరుత కన్నా ముందు ఊరకుక్కలే పట్టేస్తాయి. అడవిలోనే కంచె వేసి, గడ్డి, నీళ్లు ఉన్నచోట కొన్ని వారాలు ఉంచి, మనుషులు కనబడకుండా చూసి, తర్వాత ఓ రోజు గేటు తీసి వదిలేయాలి. ఇంకోటి, అడవి అంచున పల్లికాయ, పెసర చేన్లు ఉంటే కచ్చితంగా దిగుతాయి. అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలకు దుప్పులు పడి చచ్చిపోయిన సంగతి మీకు కొత్త కాదు.

పశువైద్య_సహాయక్:
జబ్బుల సంగతి ఎవరూ ఎత్తలేదు. గాలికుంటు, టీబీ ఈ రెండూ చూడకుండా ఒక్కటీ గేటు దాటొద్దు. జూలోది అడవికి అంటించొచ్చు, అడవి అంచున మేసే మన బర్రెల నుంచి వీటికీ అంటొచ్చు.

హన్మకొండ_వకీల్:
ఢిల్లీ సంగతి కూడా చూడండి. హౌజ్‌ఖాస్ డీర్ పార్క్‌లో దుప్పులు వందల్లోకి పోయాయి, 2023లో సెంట్రల్ జూ అథారిటీ ఆ పార్క్ గుర్తింపు రద్దు చేసింది. కొన్నింటిని రాజస్థాన్‌కు తరలించారు. ఆ తరలింపు మీద గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది.

నర్సంపేట_సార్:
అందరికీ థ్యాంక్స్. నేనేదో గొర్రెల మంద తోలినట్టు అనుకున్నాను. కీపర్ అన్నా, ఇంత కష్టమైతే అసలు పెరగకుండానే చూసుకోవచ్చు కదా? సగం మగవాటిని తీసేస్తే పుట్టేవి సగానికి తగ్గవా?

పాత_కీపర్_హంటర్‌రోడ్:
తగ్గవు సార్. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. ఇరవై మగవాటిలో పందొమ్మిది తీసేసినా మిగిలిన ఒక్కటి చాలు, ఆడవన్నీ చూలు కడతాయి. పైగా పుట్టే పిల్లలన్నిటికీ తండ్రి అదొక్కటే, రెండు తరాల్లో రక్తం దగ్గరైపోతుంది. ఎనిమిది నెలల లోపే ఈనుతుంది, మళ్లీ త్వరలోనే కడుతుంది. అడవిలో అయితే పులి, చిరుత, రేసుకుక్కలు పిల్లలను చాలావరకు తినేస్తాయి. జూలో ఆ లెక్క లేదు. తరలించినప్పుడు కూడా చాలాచోట్ల మగవే ఎక్కువ పోతాయి, ఎందుకంటే కొట్టుకునేవి అవే, తొందరగా వదిలించుకోవాలనిపిస్తుంది. మందలో ఆడవి మిగిలిపోతాయి, రెండేళ్లకు మళ్లీ అదే రద్దీ.

పని చేసేది ఒకటే. మగవాటన్నిటినీ వేరే ఎన్‌క్లోజర్‌లో పెట్టాలి, పిల్లలు కావాలనుకున్న ఏడాది మాత్రమే వేరే రక్తం మగదాన్ని కలపాలి. దీనికి డబ్బు తక్కువే, స్థలం మాత్రం కావాలి, ఇంకో కంచె కావాలి. మగవన్నీ ఒకచోట ఉంటే కొట్టుకు చావవా అని మీరు అడుగుతారు. ఆడవి కంటికి కనబడకుండా, గాలివాటున వాసన రాకుండా దూరంగా ఉంచితే అంతగా కొట్టుకోవు. తొట్లు రెండు కాకుండా ఆరేడు పెట్టండి, దూరం దూరంగా. ఒక మూల పొదో, కొయ్యల కుప్పో ఉంటే ఓడిపోయినది పారిపోయి దాక్కుంటుంది.