అప్‌డేట్: ధర్మసాగర్ చెరువు పక్కన పెళ్లి, ముసురులో ఫొటోలు

చెరువు గాలి, ఎప్పుడు పడుతుందో తెలియని వాన, వీటి మధ్య పెళ్లి ఫొటోలు ఎట్లా తీయాలని అడిగాను కదా. పెళ్లి అయిపోయింది. మీ సలహాల్లో బాగా పనిచేసినవి రాస్తున్నా.

అన్నిటికంటే ముఖ్యం షామియానా రంగు. ఎర్ర, పసుపు గుడ్డ కింద మొహాలు కూడా అదే రంగుకు తిరుగుతాయి, ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. మంటపం పైన తెల్ల గుడ్డ కట్టించడంతో జీలకర్ర బెల్లం ఫొటోల్లో చర్మం రంగు సహజంగా వచ్చింది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేసే కెమెరా సెట్టింగ్) 5600 కెల్విన్ దగ్గర ఫిక్స్ చేస్తే మబ్బు వచ్చిపోయినా ఫొటోలన్నీ కలిపి సరిచేయొచ్చు.

తలంబ్రాలకు షట్టర్ వేగం (ఫొటోకు షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) 1/500 సెకను కంటే నెమ్మది కావొద్దు. 1/125లో బియ్యం గింజలు గీతలైపోతాయి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటో, గరిష్ఠం 6400.

వానలో కెమెరా మీది ఫ్లాష్ వేస్తే దగ్గరి చినుకులు తెల్ల మచ్చలవుతాయి. ఫ్లాష్‌కు కవర్ తొడిగి, స్టాండ్ మీద జంట వెనకాల పెడితే అవే చినుకులు మెరుస్తాయి. అక్కడ షట్టర్ 1/200.

ఏసీ కారులోంచి దించిన బ్యాగు జిప్పు వెంటనే తీయొద్దు, లెన్స్‌కు ఆవిరి పడుతుంది. అరగంట ఆగాలి. పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే ఫిల్టర్) నీటి మెరుపు తగ్గిస్తుంది గానీ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) వెలుతురు తినేస్తుంది, మబ్బు పట్టగానే తీసేయండి.