ఇనాక్యులమ్‌ని ‘తోడు’ అనవచ్చా?

ప్రశ్న: మోనోక్లోనల్ యాంటీబాడీ మందులు (అన్నీ ఒకేలా ఉండే యాంటీబాడీలతో చేసేవి) ఎలా తయారవుతాయో ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా వ్యాసం రాస్తున్నాను. యాంటీబాడీకి ప్రతిరక్షకం ఉంది, కణాలను పెంచే ట్యాంకు బయోరియాక్టర్‌ని అలాగే ఉంచేశాను. బండి ఆగింది ఇనాక్యులమ్ దగ్గర. పెద్ద ట్యాంకులో కొత్త మీడియం, అంటే కణాలకు ఆహారమయ్యే ద్రవం నింపి, విడిగా పెంచిన కణాలను కొన్ని అందులో పోస్తారు కదా, ఆ ‘కొన్ని’కి పేరు కావాలి. ‘తోడు’ అంటే ఎలా ఉంటుంది? డాక్టర్ రెడ్డీస్ వాళ్లు 2007లోనే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు బయోసిమిలర్‌ని, అంటే దాన్ని పోలిన మందుని మార్కెట్‌లోకి తెచ్చారు. ఇంత పని మన దగ్గరే జరుగుతుంటే మాట కూడా మనదే ఉండాలని నా ఆశ.

తెలుగు మాస్టారు: ఆలోచన బాగుందమ్మా, కానీ వాక్యంలో పెట్టి చూడు. ‘కణాలకు తోడు మీడియం పోశారు’ అంటే అవీ ఇవీ రెండూ పోశారని అర్థం. ‘కణాలను తోడారు’ అంటే బయటికి తీసేసినట్టు! పోనీ ‘తోడు కణాలు’ అందామా అంటే, బోటనీ చదివే పిల్లలు ఫ్లోయెంలో ఉండే సహకణాలు అనుకుంటారు. అందుకే ‘తోడంటు’ వాడు. ఇంకో అర్థం లేదు. చేమిరి అని కూడా ఉంది, అందమైన మాట, కానీ ఈ తరానికి దానికే మళ్లీ అర్థం చెప్పాలి.

ప్లాంటులో పనిచేసే సభ్యుడు: మాస్టారూ, మాట ఏదైనా సరే, పోలికతో జాగ్రత్త. మేం ఎక్కువగా వాడేవి సీహెచ్ఓ కణాలు. చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి 1957లో థియోడర్ పక్ వేరుచేసిన కణాల సంతతి. పాలు తోడు పెట్టాక గిన్నె కదపం. ఇక్కడ కలపడం ఆపితే కణాలు అడుగుకు చేరి ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. అలాగని గట్టిగా గిలకొట్టకూడదు, వీటికి కణకవచం లేదు. గాలి బుడగ పగిలినా దెబ్బే, అందుకే ఆ దెబ్బ నుంచి కాపాడే పోలాక్సమర్ అనే పదార్థం కలుపుతాం.

ఇంకోటి, నిన్నటి పెరుగుతో ఇవాళ, ఇవాళ్టి పెరుగుతో రేపు తోడు పెడతాం. మా దగ్గర అలా కుదరదు. తరాలు గడిచేకొద్దీ కణాల్లో మార్పులొచ్చి యాంటీబాడీ దిగుబడి పడిపోవచ్చు. అందుకని ప్రతి బ్యాచ్‌కీ సెల్ బ్యాంకు (గడ్డకట్టించి దాచిన కణాల నిల్వ) నుంచి గడ్డకట్టిన వయల్ తీసి, 37 డిగ్రీల దగ్గర కరిగించి, చిన్న ఫ్లాస్కులో మొదలుపెడతాం. మూడు నాలుగు రోజులకోసారి ఇంకా పెద్దదానిలోకి మారుస్తూ వేల లీటర్ల ట్యాంకు దాకా వెళతాం. దీన్నే సీడ్ ట్రైన్ అంటారు.

అసలు టెన్షన్ బ్యాక్టీరియాతో. మా కణాలు రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడితే, బ్యాక్టీరియాలో కొన్నింటికి అరగంట కూడా అక్కర్లేదు. లోపలికి దూరాయంటే స్క్రీన్ మీద ఆక్సిజన్ గీత ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఇక ట్యాంకు మొత్తం పారబోయడమే.

ప్రశ్న అడిగినవారు: అయితే పెరుగు తయారైనట్టే యాంటీబాడీ తయారవుతుందని రాస్తే తప్పన్నమాట?

ప్లాంటు సభ్యుడు: తప్పే. అక్కడ పాలే పెరుగవుతాయి. ఇక్కడ కణాలు యాంటీబాడీని ద్రవంలోకి వదులుతాయి. రెండు వారాల తర్వాత కణాలను వడకట్టి పారేసి ఆ ద్రవం ఉంచుకుంటాం. మాకు కావలసింది అందులోనే ఉంది.

మాస్టారు: అయితే పోలిక వద్దు, మాట మాత్రం తీసుకో. సెల్ కల్చర్‌ని మాత్రం ‘కణ సంస్కృతి’ చేయకు తల్లీ, ఆ యంత్రానువాదం ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. ‘కణాల పెంపకం’ చాలు.

ప్రశ్న అడిగినవారు: సరే మాస్టారూ, ఇలా రాశాను: “ఫ్లాస్కులో పెంచిన కణాలను తోడంటుగా ట్యాంకులో పోస్తారు.” కింద ‘ఇనాక్యులమ్’ అని ఒక ముక్క వేస్తాను, పరీక్షలో అడిగేది అదే కదా.

ప్లాంటు సభ్యుడు: మా బ్యాచ్ రికార్డులో తోడంటు అని రాస్తే ఆడిటర్ క్యాంటీన్‌కి వెళ్లి వెతుకుతాడండీ. మీ వ్యాసంలో మాత్రం ఉంచేయండి.