‘ఊహ’ కాని అసంప్షన్, సీమది కాని ఫ్యాక్షన్

ప్రశ్న:

అమెరికా తొలినాళ్ళ చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 1790 నాటి ఆర్థిక వివాదం గురించి చెప్పేచోట ‘అసంప్షన్’ అన్న మాట పదే పదే వస్తున్నది. నిఘంటువులో ఉన్న ‘ఊహ, భావన’ అన్న అర్థాలు అక్కడ పొసగడం లేదు. ‘ఋణస్వీకరణ’ అనవచ్చునా? అలాగే ‘ఫ్యాక్షన్’ అన్నచోట ‘పార్టీ’ అని వేస్తే తప్పవుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:

నమస్కారం. మీ అనుమానం సరైనదే. ఇక్కడి ‘అసంప్షన్’కు ఊహతో ఏ సంబంధమూ లేదు, ఒకరి బాకీని మరొకరు తన మీద వేసుకొనడమే దాని అర్థం. స్వాతంత్ర్య యుద్ధం నడపడానికి దేశం పేర కాంగ్రెసు కొంత, విడివిడిగా రాష్ట్రాలు కొంత అప్పు చేశాయి. తొలి ఖజానా కార్యదర్శి అలెగ్జాండర్ హామిల్టన్ 1790 జనవరిలో ప్రతినిధుల సభకు పంపిన నివేదికలో విదేశీ బాకీని సుమారు 1 కోటి 17 లక్షల డాలర్లుగా, స్వదేశంలో కేంద్రం పడ్డ బాకీని 4 కోట్ల పైచిలుకుగా, రాష్ట్రాల బాకీని సుమారు 2.5 కోట్లుగా లెక్క కట్టి, ఈ చివరిదాన్ని కూడా కేంద్రమే నెత్తికెత్తుకోవాలని ప్రతిపాదించాడు. మీరన్న ‘ఋణస్వీకరణ’ వినగానే మనకు తోచేది కొత్తగా అప్పు తీసుకోవడం. అర్థం తలకిందులవుతుంది. శీర్షికల్లో ‘ఋణభార స్వీకరణ’ అని, కథనంలో ‘రాష్ట్రాల బాకీని కేంద్రం తన మీద వేసుకొనడం’ అని రాస్తే చిక్కు తీరుతుంది.

దాని పక్కనే వచ్చే ‘ఫండింగ్’ ఇంతకన్నా మోసకారి మాట. నేటి వాడుకను బట్టి ‘నిధులు సమకూర్చడం’ అని రాసేస్తాం. హామిల్టన్ చేసిన పని, మన ఊళ్ళలో ప్రోనోటుకు మూడేళ్ళ గడువు దగ్గరపడ్డప్పుడు నోటు తిరగరాయించుకొనడానికి దగ్గరగా ఉంటుంది: పాత పత్రాలు తీసుకుని కొత్త పత్రాలు ఇవ్వడం, వాటి వడ్డీకి దిగుమతి సుంకాల వంటి నికరమైన రాబడిని ముందుగానే కట్టివేయడం. తేడా అల్లా, అసలు ఫలానా తేదీకి తీరుస్తానన్న మాట ఇందులో లేదు. వడ్డీ తప్పదన్న నమ్మకమే ఆ పత్రానికి విలువ.

ఆ పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దగ్గరే పేచీ మొదలైంది. జీతాలకు బదులు పత్రాలు పుచ్చుకున్న సైనికులు చాలామంది గడవక వాటిని కారుచౌకగా అమ్ముకున్నారు. కొన్నవారు సట్టా వ్యాపారులు. ఇప్పుడు పూర్తి విలువ దక్కేది కొన్నవారికే. పత్రం చేతిలో ఉన్నవారికి మార్కెట్టులో పలికిన అత్యధిక ధర ఇచ్చి, మిగిలినది మొదటి హక్కుదారులకు ఇవ్వాలని వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ 1790 ఫిబ్రవరిలో అడిగితే, సభ 13కు 36 వోట్లతో తోసిపుచ్చింది. ఈ ప్రతిపాదనకు ఆంగ్లంలో ‘డిస్క్రిమినేషన్’ అని పేరు. దాన్ని ‘వివక్ష’ అని అనువదిస్తే మాడిసన్‌కు అన్యాయం చేసినట్టే. ‘హక్కుదారుల తారతమ్యం’ అనడం మేలు.

రాష్ట్రాల బాకీ విషయంలో వర్జీనియా మొర వేరు. తన అప్పులో చాలా భాగం అది అప్పటికే తీర్చుకున్నది. మసాచుసెట్స్‌కు, దక్షిణ కరోలినాకు ఇంకా పెద్ద బరువే ఉన్నది. వేరుపడ్డాక తన వాటా అప్పు తీర్చుకున్న తమ్ముణ్ణి పిలిచి, అన్నగారి బాకీలో మళ్ళీ పాలు పంచుకోమన్నట్టు వారికి తోచింది. ఏప్రిల్‌లో సభ 29కి 31 వోట్లతో ఆ ప్రతిపాదనను కాదన్నది. జూన్‌లో థామస్ జెఫర్సన్ ఇంట భోజనాల దగ్గర, రాజధానిని పొటోమాక్ నది ఒడ్డుకు తేవడానికి బదులుగా మాడిసన్ తన వ్యతిరేకత సడలించాలన్న ఒప్పందం కుదిరిందని జెఫర్సనే తరువాత రాసుకున్నాడు. జులై 16న రాజధాని చట్టం, ఆగస్టు 4న ఋణ చట్టం వచ్చాయి. కేంద్రం మీద పడ్డ రాష్ట్రాల బాకీకి 2 కోట్ల 15 లక్షల డాలర్ల హద్దు పెట్టారు.

ఇక ‘ఫ్యాక్షన్’. దీన్ని లిప్యంతరీకరించి వదిలేస్తే మన పాఠకుని కళ్ళ ముందు రాయలసీమ, నాటుబాంబులు, ప్రతీకార హత్యలు నిలుస్తాయి. కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో పదవదానిలో, 1787 నవంబరులో, మాడిసన్ ఇచ్చిన నిర్వచనం ఇంత నెత్తురుతో కూడినది కాదు: ఇతర పౌరుల హక్కులకు గానీ, సమాజపు శాశ్వత ప్రయోజనాలకు గానీ విరుద్ధమైన ఆవేశంతోనో స్వార్థంతోనో ఒక్కటైన కొందరు పౌరులు, వారు సగానికి మించినా సరే, ఫ్యాక్షనే. ‘ముఠా’ అన్న మాటలో ఆ నింద వినబడుతుంది గానీ, మెజారిటీ కూడా ముఠా కావచ్చునన్న భావం ఇమడదు. నేను ‘స్వార్థకూటమి’ వైపు మొగ్గుతాను.

మరొక సభ్యుని వ్యాఖ్య:

ఇంత శ్రమ దేనికండీ? వాడుకలో ఉన్న ‘వర్గం’ సరిపోదా? ‘వర్గపోరు’ అంటే పల్లెల్లో కూడా అర్థమవుతుంది గదా.

సమాధానం:

అర్థమవుతుంది, కాని రెండర్థాలుగా. తెలుగులో ‘వర్గం’ ఊరి పెత్తందారు చుట్టూ చేరినవారికీ చెల్లుతుంది, ‘వర్గపోరాటం’ అన్నప్పటి ఆర్థిక శ్రేణికీ చెల్లుతుంది. వేరే వ్యాసమైతే సర్దుకుపోవచ్చును. ఇక్కడ మాడిసన్ ఫ్యాక్షన్లకు అన్నిటికన్నా సాధారణమైన, చిరకాలం నిలిచే కారణం ఆస్తి పంపకంలోని హెచ్చుతగ్గులే అంటాడు. అప్పిచ్చినవారిదీ, అప్పుపడ్డవారిదీ ఎప్పుడూ వేర్వేరు ప్రయోజనమని ఉదాహరిస్తాడు. కారణానికీ కార్యానికీ ఒకే మాట వాడితే అతని తర్కం కనబడకుండా పోతుంది. మూడేళ్ళు తిరగకుండానే అప్పు పత్రాల గొడవలో ఆయనే ఒక పక్షానికి నాయకుడయ్యాడన్నది వేరే సంగతి.

‘పార్టీ’ గురించి కూడా ఒక మాట. పదవ వ్యాసంలో మాడిసన్ ఆ రెండు మాటలనూ ఇంచుమించు ఒకటిగానే వాడాడు. వాషింగ్టన్ 1796 వీడ్కోలు సందేశంలో హెచ్చరించిన ‘స్పిరిట్ ఆఫ్ పార్టీ’ని ‘పార్టీ స్ఫూర్తి’ అంటే మెచ్చుకోలుగా వినబడుతుంది, ‘పక్షావేశం’ అనాలి. ‘పక్షపాతం’లో మనకు ఆ తిట్టు ముందే ఉన్నది. ఈలోగా 1791లో జాతీయ బ్యాంకు మీద, విస్కీ సుంకం మీద తగాదాలు ముదిరి, హామిల్టన్ వైపు ఫెడరలిస్టులు, జెఫర్సన్, మాడిసన్‌ల వైపు రిపబ్లికన్లు చేరి, రెండు వైపులా పత్రికలు వెలిసి, నిందగా ఉన్న ‘పార్టీ’ కాస్తా పేరుగా స్థిరపడింది.

అనువాదకునికి అసలు పరీక్ష 1801 మార్చిలో జెఫర్సన్ పదవీ స్వీకార ప్రసంగంలోని వాక్యం. ‘మనమందరమూ రిపబ్లికన్లమే, మనమందరమూ ఫెడరలిస్టులమే’ అంటే రెండు పార్టీలూ ఒకటేనన్న రాజీమాట అవుతుంది. ‘మనమందరమూ గణతంత్రవాదులమే, సమాఖ్యవాదులమే’ అంటే రెండు సూత్రాలను చాటినట్టవుతుంది. ఆయన చేతిరాతలో ఆ మాటలు చిన్న అక్షరాలతో ఉన్నాయి. అచ్చువేసిన పత్రికలు పెద్ద అక్షరాలు పెట్టి వాటిని పార్టీల పేర్లు చేశాయి. మన లిపిలో ఆ భేదం చూపే వీలు లేదు కనుక, పార్టీ పేరైతే ఆంగ్ల పదాన్ని తెలుగు లిపిలో ఉంచి, సూత్రమైతే తెలుగు చేయడం నా పద్ధతి. ఈ వాక్యంలో రెండవదాన్నే ఎంచుకుంటాను. మీరు మొదటిదాన్ని ఎంచుకుంటే మాత్రం, నేటి రిపబ్లికన్ పార్టీ 1854లో పుట్టినదనీ, జెఫర్సన్ పక్షం అది కాదనీ అక్కడే ఒక ముక్క చేర్చండి.