మోగ్వై నంబర్ వన్: ఆల్బమ్ గెలిచిందా, ఆ వారం కొనుగోళ్లు గెలిచాయా?

ఎనిమిదో_నిమిషం
స్కాట్లండ్ వాద్య రాక్ బ్యాండ్ మోగ్వై ఆల్బమ్ 'యాజ్ ద లవ్ కంటిన్యూస్' మాట ఎత్తితే చాలు, "బ్రిటన్‌లో నంబర్ వన్" అని మొదలుపెడతారు. 2021 ఫిబ్రవరి 19న వచ్చింది, ర్యాపర్ గెట్స్ ఆల్బమ్‌ను రెండో స్థానంలో నిలబెట్టింది, కాదనను. కానీ ఆ వారమంతా అభిమానులు సోషల్ మీడియాలో "కొనండి, కొనండి" అని ఊదరగొట్టారు. 1997లో వాళ్ల తొలి ఆల్బమ్ 'యంగ్ టీమ్' 75వ స్థానం దగ్గరే ఆగింది. మరి ఈ రెండింటిలో ఏది గొప్పదంటే ఎంతమంది 2021 ఆల్బమ్ పేరు చెప్తారు? చార్టు స్థానాన్ని ఆదరణ అనడం నాకు మింగుడుపడదు.

తీగసవరణ
చార్టు లెక్క తెలిస్తే ఈ వాదన తిరగబడుతుంది. అక్కడ ఆల్బమ్ ఒక్కటి అమ్ముడైతే ఒకటి. స్ట్రీమింగ్ అయితే డబ్బు కట్టే ఖాతాల్లో 1,000 ప్లేలు కలిస్తేనే ఒకటి, ఉచిత ఖాతాల్లో 6,000. పాట 30 సెకన్లు దాటితే ఒక ప్లే. రెండున్నర నిమిషాల పాటకైనా, ఈ ఆల్బమ్‌లో ఏడు నిమిషాలు మెల్లగా పైకెక్కే 'డ్రైవ్ ద నెయిల్'కైనా విలువ ఒక్కటే.

ఈ ఆల్బమ్‌లో ట్రాకులు 11. మొదటి నుంచి చివరిదాకా దాదాపు 91 సార్లు వింటేగానీ ఒక అమ్మకం కాదు. 16 ట్రాకుల ఆల్బమ్‌కైతే 63 సార్లు సరిపోతాయి (లెక్కలోకి తీసుకునేది 16 ట్రాకులే, అందులో బాగా ఆడిన రెండింటిని మిగతావాటి సగటుకు దించుతారు). కెనడా బ్యాండ్ గాడ్‌స్పీడ్ 2000లో చేసిన 'లిఫ్ట్ యువర్ స్కిన్నీ ఫిస్ట్స్' లాంటి 87 నిమిషాలు, 4 ట్రాకుల డబుల్ ఆల్బమ్‌ను ఇదే కొలతలో పెట్టి చూడండి: 250 సార్లు! ట్రాకు నిడివి పెరిగేకొద్దీ శిక్ష పెరిగే నియమం ఇది. కాబట్టి గాత్రం లేని పొడవాటి ట్రాకులు చేసే బ్యాండుకు పైకి వెళ్లే తలుపు సీడీ, ఎల్పీ (వినైల్ రికార్డు), డౌన్‌లోడ్ మాత్రమే. ఆ తలుపులోంచే వెళ్లారు, దొడ్డిదారి కాదు.

మోనోఫోనీ
పైగా ఆ ఫిబ్రవరిలో లాక్‌డౌన్‌తో బ్రిటన్ రికార్డు షాపులు మూతబడి ఉన్నాయి, కచేరీలూ లేవు. ఆన్‌లైన్ ఆర్డర్లే దిక్కు. ముందస్తు ఆర్డర్ ఎప్పుడు పెట్టినా, డిస్కు పంపిన వారం ఖాతాలోనే పడుతుంది. ఎల్పీ ముద్రణ ఆలస్యమైతే ఆ అమ్మకాలన్నీ ఎవరికీ పట్టని ఇంకో వారంలోకి జారిపోతాయి. చిన్న రికార్డు కంపెనీలు దెబ్బతినేది తరచూ ఇక్కడే.

ఎనిమిదో_నిమిషం
నియమం అన్యాయమే, ఒప్పుకుంటా. కానీ మీ లెక్క చెప్పేది ఎన్ని అమ్ముడయ్యాయనే. ఎంతమంది మళ్లీ మళ్లీ విన్నారో అది చెప్పదు కదా. ఒకే అభిమాని సీడీ, ఎల్పీ రెండూ కొంటే రెండు. అసలు ముందుగా వదిలిన పాటల్లో 'రిచీ సాక్రమెంటో'లో బ్యాండ్ గిటారిస్టు స్టూవర్ట్ బ్రైత్‌వైట్ గొంతు మొదటి నుంచీ ఉంది. అలాంటి ఆల్బమ్‌ను చూపించి "వాద్య సంగీతం గెలిచింది" అంటారా?

తీగసవరణ
పదకొండులో ఒక్క పాటలో గొంతు ముందుకొస్తే మిగతా పది మాయమవవు. దానికంటే ముందు, 2020 అక్టోబరులో వదిలిన 'డ్రై ఫాంటసీ'లో గాత్రమే లేదు. సింథ్ వరుస మెరుస్తూ సాగుతుంది, పేలుడు వస్తుందని కాచుకుంటే రాదు. మోగ్వై అంటే "నెమ్మది, నెమ్మది, ఢాం" అని ఇప్పటికీ రాసేవాళ్లు ఆ ఒక్క ట్రాకైనా వినాలి. కొనుగోళ్లు కాని సాక్ష్యం కావాలా? 2021లోనే ఈ ఆల్బమ్ మెర్క్యురీ అవార్డు తుది జాబితాకు ఎక్కింది, స్కాటిష్ ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ అవార్డు గెలిచింది. రెండిటిలోనూ తుది నిర్ణయం న్యాయనిర్ణేతలది, సీడీలు లెక్కపెట్టేవాళ్లది కాదు.

రీలు_మార్చు
అవార్డుల సంగతి అలా ఉంచండి. నిర్మాత డేవ్ ఫ్రిడ్‌మన్ అమెరికాలో, బ్యాండ్ వుస్టర్‌షైర్‌లోని వాడా స్టూడియోలో. జూమ్‌లో చేసిన ఆల్బమ్ చప్పగా ఉండక ఏమవుతుంది?

మోనోఫోనీ
ఇదొకటి బాగా అలవాటైంది జనానికి. టేకులు వాడాలో మైకుల్లోంచి అక్కడి రికార్డింగ్‌లోకే వెళ్తాయి, కాల్‌లోంచి కాదు. కాల్ బాగోకపోతే దెబ్బతినేది అవతలివాళ్లకు వినిపించేది మాత్రమే. మాటల కోసం తయారైన వీడియో కాల్ గిటార్ ఫీడ్‌బ్యాక్ సాగే హోరునీ, రీవర్బ్ తోకనీ (చివర్లో మెల్లగా ఆరిపోయే ప్రతిధ్వనినీ) రొద అనుకుని కోసేస్తుంది; ఆ వడపోత ఆపాలి, లేదా టేకును ఫైలుగా పంపి స్పీకర్లలో వినాలి. ఫ్రిడ్‌మన్‌కు వీళ్లు కొత్తా? 1999 ఆల్బమ్ 'కమ్ ఆన్ డై యంగ్' నుంచీ తెలుసు. 'సీలింగ్ గ్రానీ'లో గిటార్లు అంచులు చిట్లేలా మందంగా ఉన్నాయంటే అది ఆయన పనితనం.

ఎనిమిదో_నిమిషం
ఆ మందమే నాకు తకరారు. 'మిడ్‌నైట్ ఫ్లిట్'లో సినిమా సంగీతకారుడు ఆటికస్ రాస్ తంత్రీ వాద్యాలు లేచే చోట, ముందున్న భాగం ఇంకాస్త తగ్గి ఉంటే ఎదుగుదల ఒళ్లు జలదరించేలా ఉండేది. మొదలే నిండుగా ఉంటే ఎక్కడానికి చోటేది? 'పాట్ స్టెయిన్స్'లో కాలిన్ స్టెట్సన్ శాక్సఫోన్‌ను కూడా వెతుక్కోవాల్సి వస్తోంది.

తీగసవరణ
ఈ ఫిర్యాదు మాత్రం సబబే. వాల్యూమ్ అదే ఉంచి 'మిడ్‌నైట్ ఫ్లిట్' మొదటి నిమిషం, చివరి నిమిషం పక్కపక్కన పెట్టి వినండి. మీరన్నట్టు శబ్దం స్థాయి పెద్దగా మారదేమో గానీ పొరలు మారతాయి. నా చెవికి అది చాలు. మీకు చాలకపోతే అది ఆల్బమ్ మీద అభ్యంతరం, చార్టు మీద కాదు.