అడ్వాన్స్‌డ్ డీబీఎంఎస్‌ల రికవరీ కాడ ఆగిపోయిన, ఎట్ల చదవాలె?

హన్మకొండ_ఎంటెక్:

అన్నలు అక్కలు అందరికీ నమస్తే. నేను హన్మకొండల ఎంటెక్ ఫస్టియర్, ఈ సెమ్‌ల అడ్వాన్స్‌డ్ డేటాబేస్ సిస్టమ్స్ ఉంది. బీటెక్‌ల డీబీఎంఎస్ మంచిగనే చదివిన, ఎస్‌క్యూఎల్ రాస్త, నార్మలైజేషన్ చేస్త, ఈఆర్ డయాగ్రమ్ అంటే భయం లేదు. కానీ ఇప్పుడొచ్చేటియి వేరే లోకం లెక్క ఉన్నయి, బఫర్ మేనేజర్, టూ ఫేజ్ లాకింగ్, ఎంవీసీసీ (ఒకే రోకు పాత, కొత్త వెర్షన్లు రెండూ ఉంచే పద్ధతి), క్వెరీ ఆప్టిమైజర్, అన్నీ ఎట్లనో బట్టీ పట్టుకుంట వచ్చిన, ఏరీస్ రికవరీ, అంటే క్రాష్ అయినంక డేటాను మళ్ల సక్కజేసే పద్ధతి, దాని కాడికొచ్చి ఆగిపోయిన. క్లాసుల స్లైడ్లు చదివి వినిపిస్తరు, ల్యాబ్ అంటే మళ్ల అవే సెలెక్ట్ జాయిన్‌లు, లోపల ఏమైతదో ఒక్కనాడు సూపెట్టలే.

నాకు అర్థం కానిది ఒక్కటే. మార్చింది మార్చినట్టు డిస్క్ మీద రాస్తే అయిపాయె గదా, మళ్ల మార్పులన్నీ వరుసగ రాసుకునే ఈ లాగ్ ఎందుకు? సరే లాగ్ ఉందనుకుందాం, క్రాష్ అయినంక కమిట్ కాని, అంటే ఇంకా ఖాయం కాని ట్రాన్సాక్షన్‌ను కూడ ఫస్ట్ రీడూ చేసి తర్వాత అన్‌డూ చేసుడేంది, ఎట్లా తీసేసేదే అయితే ఎక్కించుడు ఎందుకు? మాది నర్సంపేట దిక్కు ఊరు, మొన్న బాపు మిర్చి బస్తాలు ఎనుమాములకు తెస్తుంటే నేను బస్సుల ఏరీస్ మీద 1992ల వచ్చిన రీసెర్చ్ పేపర్ ప్రింట్ పట్టుకొని కూసున్న, 60 పేజీల పైన ఉంది, హన్మకొండ వచ్చేదాక రెండో పేజీ దాటలే. జర ఎవరన్న సమజయ్యేటట్టు చెప్పుండ్రి, మార్కులకే కాదు, నాకు ఈ లైన్లనే జాబ్ చేయాలని ఉంది.

కాజీపేట_జంక్షన్:

చెల్లె, నువ్వడిగిందే అసలు ప్రశ్న, అది సమజయ్యేదాక వదలకు. మీ బాపు ఎనుమాములకు వస్తడన్నవు గదా, నేను ఇంటర్ చదివేటప్పుడు రెండు సీజన్లు అక్కడ ఒక అడ్తి దుకాణంల లెక్కలు రాసిన, అక్కడికెళ్లే మొదలుపెడుదాం. దడ్వాయి కాంటా మీద బస్తా పెట్టి తూకం చెప్తుంటే నా చేతిల చిన్న నోటుబుక్కు, వచ్చింది వచ్చినట్టు వరుసగ కిందికి రాసుకుంట పోవుడే. పెద్ద ఖాతా బుక్కు లోపల గల్లా పక్కన ఉంటది, అండ్ల ఒక్కో రైతుకు ఒక్కో పేజీ, ప్రతి బస్తాకు నేను లోపలికి ఉరికి ఆ రైతు పేజీ తెరిచి రాసి మళ్ల బయటికి వస్తే మార్చి నెలల ఆ లోడ్లు దిగుతయా? అందుకే చేతి బుక్కుల పడ్డదంటే లెక్క పక్కా, దాన్ని చూసే తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) ఇచ్చేటోళ్లం, ఖాతాల ఎక్కిచ్చుడు రాత్రికి. ఒకరోజు ఖాతా బుక్కు మీద నీళ్లు పడి నాలుగు పేజీలు ఖరాబైనయి, అయినా ఒక్క రైతు పైస తేడా రాలే, నోటుబుక్కు పొద్దుటి నుంచి మళ్ల చదువుకుంట కొత్త పేజీల ఎక్కిచ్చినం.

రైట్ అహెడ్ లాగింగ్ అంటే ఇదే. లాగ్ ఎప్పుడు చివర్ననే పెరుగుతది కాబట్టి డిస్క్‌కు అల్కగ ఉంటది, డేటా పేజీలు ఎక్కడెక్కడో ఉంటయి, ప్రతి కమిట్‌కు అవన్నీ రాస్తే సిస్టమ్ నడువది. సో కమిట్ అన్నప్పుడు లాగ్ డిస్క్‌ల పడితే చాలు, పేజీ తర్వాత ఎప్పుడో పోతది, స్లైడ్లల్ల నో ఫోర్స్ అని ఉండేది ఇది. ఇంకోటి, మెమరీ నిండితే కమిట్ కాని పేజీని కూడ డిస్క్ మీదికి తోలి జాగ చేసుకోవాల్సొస్తది, అది స్టీల్ (steal). నో ఫోర్స్ పెట్టుకున్నం కాబట్టి రీడూ కావాలె, స్టీల్ పెట్టుకున్నం కాబట్టి అన్‌డూ కావాలె. ఈ రెండు ముక్కలు పట్టుకుంటే మిగతా అంతా దాని ఎనకనే వస్తది.

ఇగ పేపర్ పక్కకు పెట్టి ల్యాప్‌టాప్‌ల పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఎక్కించు. మిర్చి అని ఒక టేబుల్, అండ్ల ఒక్కటే రో, అంటే ఒక్క వరుస. రెండు టెర్మినల్ కిటికీలు తెరువు. సెలెక్ట్ కొట్టేటప్పుడు స్టార్ ఒక్కటే పెట్టకు, దాంతోపాటు సీటీఐడీ (రో ఉన్న జాగ), ఎక్స్‌మిన్ (దాన్ని రాసిన ట్రాన్సాక్షన్ నంబరు), ఎక్స్‌మ్యాక్స్ (దాన్ని మార్చిన లేకుంటే తీసేసిన ట్రాన్సాక్షన్ నంబరు) అని కూడ అడుగు, ఈ కాలమ్‌లు ప్రతి టేబుల్‌కు లోపల దాక్కొని ఉంటయి. ఫస్ట్ సీటీఐడీ 0,1 అని వస్తది, అంటే సున్నా నంబరు పేజీల మొదటి జాగ. ఒక కిటికీల బిగిన్ కొట్టి రేటు అప్‌డేట్ చెయ్యి, కమిట్ కొట్టకు, అక్కడ 0,2 కనబడుతది. రెండో కిటికీల చూస్తే ఇంకా పాత రేటే, 0,1 లనే, కానీ దాని ఎక్స్‌మ్యాక్స్‌ల నీ ట్రాన్సాక్షన్ నంబరు పడి ఉంటది. పాతదాన్ని చెరపలే, పక్కన కొత్తది రాసింది. ఎంవీసీసీ మీద పది స్లైడ్లు చదివినా రాని సమజ్ ఆ రెండు కిటికీలల్ల ఐదు నిమిషాలకు వస్తది.

తర్వాత ఓ వెయ్యి రోలు ఇన్సర్ట్ చేసి కమిట్ కొట్టి, వెంటనే సర్వర్ మెయిన్ ప్రాసెస్‌కు కిల్ మైనస్ 9 (బలవంతంగ ఆపే కమాండ్) కొట్టు. మళ్ల స్టార్ట్ చేసి సర్వర్ లాగ్ ఫైల్ తెరువు, సరిగ్గ షట్‌డౌన్ కాలేదు, ఆటోమేటిక్ రికవరీ నడుస్తున్నది, రీడూ ఫలానా జాగల మొదలైంది అని రాసి ఉంటది. వెయ్యి రోలు లెక్కపెట్టుకో. పీజీ వాల్‌డంప్ అనే టూల్ దాంతోనే వస్తది, దానితో లాగ్‌ల ఒక్కో రికార్డు దాని ఎల్‌ఎస్‌ఎన్‌తో, అంటే లాగ్‌ల దాని వరుస నంబరుతో సహా చదవచ్చు. నీ సొంత మెషిన్‌ల, అండ్ల వేరే ముఖ్యమైన డేటా ఏం లేనప్పుడే చెయ్యి.

కరీంనగర్_టీచర్:

పైన తమ్ముడు బాగా చెప్పాడు, కానీ ఒక్క విషయం కలుపుతున్నా, లేకపోతే చెల్లి అక్కడే తికమక పడుతుంది. పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో రీడూ మాత్రమే కనిపిస్తుంది, అన్‌డూ ఫేజ్ ఉండదు. పాత వెర్షన్ టేబుల్‌లోనే ఉంది కదా, ఆ ట్రాన్సాక్షన్ కమిట్ కాలేదని తెలిస్తే చాలు, కొత్త వెర్షన్ ఎవరికీ కనపడదు, వెనక్కి తీయాల్సిన పనే లేదు. ఏరీస్‌లో పేజీ ఉన్నచోటే మారుతుంది, అందుకే అన్‌డూ తప్పదు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లోని ఇన్నోడీబీ ఇంజిన్‌లో అన్‌డూ లాగ్ ఉంటుంది, క్రాష్ తర్వాత సగంలో ఉన్నవాటిని రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే వెనక్కి తీస్తుంది.

ఇక నీ రెండో ప్రశ్న. కాగితం తీసుకొని ఇది రాయి. ఎల్‌ఎస్‌ఎన్ 10లో టీ1 అనే ట్రాన్సాక్షన్, పేజీ 5ని మార్చింది. 20లో టీ2, పేజీ 3ని మార్చింది. 30లో టీ1 కమిట్. 40లో టీ2, మళ్లీ పేజీ 5ని మార్చింది. అక్కడ క్రాష్, లాగ్ మొత్తం డిస్క్‌లో భద్రంగా ఉంది. డిస్క్ మీద పేజీ 5లో పేజ్ ఎల్‌ఎస్‌ఎన్ 10 ఉంది, పేజీ 3 పాతదే. రికవరీలో మొదటి దశ అయిన అనాలసిస్‌లో టీ2 కమిట్ కాలేదని తేలుతుంది. రీడూలో 10 వదిలేస్తాం, పేజీలో ఇప్పటికే ఉంది కాబట్టి. 20 ఎక్కిస్తాం, 40 ఎక్కిస్తాం. రెండూ టీ2వే అయినా సరే ఎక్కిస్తాం. ఎందుకంటే పేజీ మీద ఉండేది ఒకే ఒక్క నంబర్, ఈ నంబర్ వరకు జరిగినవన్నీ నాలో ఉన్నాయి అని ఆ పేజీ చెప్పే మాట అది. మధ్యలో కొన్ని ఎక్కించి కొన్ని వదిలేస్తే ఆ మాట అబద్ధం అవుతుంది, అప్పుడు అన్‌డూ చేసేటప్పుడు టీ2 మార్పు అసలు పేజీలో ఉందో లేదో తెలుసుకునే దారే ఉండదు. అందుకే ముందు క్రాష్ క్షణానికి ఎలా ఉందో అలా తెచ్చి, తర్వాత 40, 20 వెనక్కి తీస్తాం, తీసిన ప్రతిదానికీ 50, 60 అని కాంపెన్సేషన్ రికార్డులు రాస్తాం. 50 రాశాక మళ్లీ కరెంటు పోయిందనుకో, ఆ 50లోనే తర్వాత తీయాల్సింది 20 అని ఉంటుంది, 40ని రెండోసారి ముట్టుకోము.

దీన్ని రాసిన మోహన్ గారు మద్రాస్ ఐఐటీలో చదివి ఐబీఎంలో పనిచేశారు, మన దగ్గర చదివిన మనిషి కట్టిన పద్ధతి ప్రపంచమంతా చదువుతోంది, ఆ యూనిట్ చెప్పేటప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

పరకాల_డేటా:

ఆప్టిమైజర్, అంటే క్వెరీని ఏ దారిల నడపాలెనో ఎంచుకునేది, దాని పేరు కూడ తీసినవు కాబట్టి ఒక్కటి చెప్త. 1979ల ఐబీఎం సిస్టమ్ ఆర్ డేటాబేస్ వాళ్లు పెట్టిన పద్ధతే ఇప్పటికీ చాన సిస్టమ్‌లల్ల నడుస్తుంది, ప్రతి ప్లాన్‌కు ఖర్చు అంచనా కట్టి తక్కువ దాన్ని తీసుకునుడు. తప్పు ఎక్కడ జరుగుతదంటే అంచనా కాడ. 6 లక్షల రోల టేబుల్ తయారుచెయ్యి, 33 జిల్లాలు, 600 మండలాలు అనుకో, మండలానికి వెయ్యి రోలు. జిల్లా హన్మకొండ, మండలం హసన్‌పర్తి అని వేర్ కండిషన్ పెట్టి, అంచనా, అసలు రెండూ సూపెట్టే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కొట్టు. వచ్చేది వెయ్యి, కానీ రెండు కండిషన్లకు సంబంధం లేదనుకొని అది 600తోటి, మళ్ల 33తోటి భాగిస్తది, ముప్పై దగ్గర అంచనా వేస్తది. హసన్‌పర్తి హన్మకొండ జిల్లాలనే ఉంటదని మనకు తెల్సు, దానికి తెల్వది. క్రియేట్ స్టాటిస్టిక్స్‌తోటి ఈ రెండు కాలమ్‌లకు డిపెండెన్సీ ఉందని చెప్పి అనలైజ్ కొడితే సక్కగైతది, పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఉంది. మా ఆఫీసుల నెమ్మదైన క్వెరీ వచ్చిందంటే నేను ఫస్ట్ చూసేది ఈ అంచనాకు అసలుకు ఎంత దూరముందో, ఇండెక్స్ సంగతి తర్వాత.

ఇంకా కార్నెగీ మెలన్‌ల ఆండీ పావ్లో చెప్పిన క్లాసులు యూట్యూబ్‌ల ఫ్రీగ ఉన్నయి, అవి తప్పక చూడు.

హన్మకొండ_ఎంటెక్:

అన్నా, అక్కా, మస్తు థ్యాంక్స్. రాత్రి హాస్టల్ల కూసొని చేసిన, నా రూమ్మేట్ కూడ పక్కన కూసుంది. రెండో కిటికీల ఎక్స్‌మ్యాక్స్ మారుడు చూసి ఇద్దరం గట్టిగ అరిచినం. కిల్ కొట్టినంక వెయ్యికి వెయ్యి ఉన్నయి. అక్క చెప్పిన 10, 20, 30, 40 కాగితం మీద మూడుసార్లు రాసిన, ఒక్క నంబర్ అబద్ధం చెప్పొద్దు అనే మాట కాడ మొత్తం విడిపోయింది, పొద్దుగాల పేపర్ మళ్ల తెరిచి 12 పేజీలు చదివిన.

ఒక్క డౌట్. ఒక్క రోతోటి టేబుల్ మళ్ల కొత్తగ చేసి, అప్‌డేట్ చేసి ఈసారి రోల్‌బ్యాక్ కొట్టిన, 0,1 ఉన్నకాడనే ఉంది. మళ్ల అప్‌డేట్ చేస్తే 0,3 వచ్చింది, 0,2 ఏడికి పోయింది?

కాజీపేట_జంక్షన్:

ఏడికీ పోలే చెల్లె, ఆ పేజీలనే సచ్చి పడి ఉంది. ఎవ్వరికి కనబడది గని జాగ పట్టుకొని ఉంటది. ఇప్పుడు కమిట్ కొట్టు, 0,1 కూడ దాని పక్కన చేరుతది. తర్వాత సచ్చిన రోలను ఊడ్చే వాక్యూమ్ మిర్చి అని కొట్టి, పేజీ లోపల ఏముందో సూపెట్టే పేజ్‌ఇన్‌స్పెక్ట్ ఎక్స్‌టెన్షన్ ఎక్కించి సున్నా పేజీ తెరిచి చూడు, ఏం కనబడ్డదో ఇక్కడ రాయి.